ఆగమ్మ, రెండు అంకెలు

మా వదినను ఆసుపత్రిలో పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరూ ఆగమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆ పేరు పెట్టిన పాపం నాదే. ఇరవై రెండేళ్ళ క్రితం మా అన్నయ్యను చేసుకుని ఇంట్లో అడుగుపెట్టిన వారానికే అది నా నోట్లోంచి ఊడిపడింది. ఎవరు ఏ గొడవ ఎత్తుకున్నా, సగంలో ఉండగానే ఆమె చెయ్యి పైకెత్తి "ఆగు, ఒక్క క్షణం" అనేది. పాలు పొంగుతుంటే మాత్రం ఆగమనేది కాదు లెండి, పరిగెత్తేది. మనుషులు పొంగుతుంటేనే ఆగమనేది.

ఆ ఇంట్లో పొంగే మనిషిని నేనే కాబట్టి ఆ మాట ఎక్కువగా తగిలింది నాకే. నేను బట్టలు కుడతాను. మా వీధి మొదట్లో కొట్టు, అందులో రెండు మిషన్లు, నిలువుటద్దం, ఎప్పుడూ సగం కుట్టి ఉండే స్కూలు యూనిఫారాల గుట్ట. సూదిలో దారం ఎక్కకపోయినా, కొలతలిచ్చిన మనిషి మర్నాటికి లావైపోయినా నాకు కోపం వస్తుంది. దాన్ని నేను దాచుకోను. దాచుకుంటే ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి.

పేరు ఇల్లు దాటి ఆసుపత్రికి చేరడంలో మా ఆయన నోటి చలవ ఉంది. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారు. మైదానం ఆ చివర నిలబడి "లైన్!" అన్నారంటే ఈ చివర వీధిలో పోయేవాళ్ళు కూడా వరసలో నడుస్తారు. ఒకసారి వదిన మరిచిపోయిన భోజనం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కిందే నిలబడి, "ఆగమ్మా, నీ క్యారేజీ!" అని పిలిచారు. మూడు అంతస్తులకూ వినిపించింది. మర్నాటి నుంచి ఆసుపత్రిలో ఆమెకు ఇంకో పేరు లేదు.

అంత గొంతున్న మనిషి, ఇంట్లో నేను తిట్టేటప్పుడు మాత్రం నోరు మెదపరు. పళ్ళు బిగబట్టుకుని కూర్చుంటారు. దవడల దగ్గర రెండు పక్కలా కండలు ఉబ్బుతాయి, కళ్ళు గోడ మీదుంటాయి. నేను ఏకరువు పెట్టాల్సిందంతా పెట్టి ఆపగానే, దవడ వదిలి, నిమ్మకు నీరెత్తినట్టు "అయిపోయిందా?" అంటారు. ఆ ఒక్క మాటతో నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని. అన్నయ్య ఇంటి పక్క వాటాలోనే, ఇలాగే పద్దెనిమిదేళ్ళు హాయిగా కాపురం చేశాం.

ఇంతకీ వదిన ఉద్యోగం చెప్పలేదు కదూ. ఆమె ఐసీయూలో వెంటిలేటర్ టెక్నీషియన్. సొంతంగా ఊపిరి తీసుకోలేని మనిషికి మిషన్ గాలి పంపుతుంటే, ఆ గాలి సరిగ్గా పోతోందా, మరీ గట్టిగా తోస్తోందా అని చూసుకునే పని. కానీ చేరింది ఆ పనిలో కాదు. పంతొమ్మిదో ఏట గొట్టాలు కడగడానికి చేరింది. మిషన్ నుంచి మంచం దాకా వచ్చే పొడవాటి ముడతల గొట్టాలను మందు నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టడం. నోట్లోంచి లోపలికి వేసే సన్న గొట్టం మాత్రం ఒక్కరికే వాడి పారేసేది. పారేసే ముందు వదిన దాన్ని వెలుగులో పెట్టి చూసేదట. ఎందుకని అడిగితే, పారేసేవాటిని ఎవరూ చూడరు కాబట్టి అనేది.

అలా చూస్తున్నప్పుడు ఒకరోజు గొట్టం మీద వరసగా పంటి గాట్లు కనిపించాయి. అక్కడ రిటైరుమెంటుకు దగ్గర పడిన టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. ఆయనకు చూపించి, "ఈయనెవరో బాగా కోపిష్టి సార్" అంది వదిన. ఆయన గొట్టం అందుకుని కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది కోపం కాదమ్మా, మెలకువ" అన్నాడట. మత్తు దిగి మనిషి లేస్తున్నప్పుడు ముందు లేచేది దవడేనట. గొట్టాలు కడిగే పిల్ల గాటు గురించి అడిగిందన్న సంతోషంతో ఆయన ఆమెను మిషన్ దగ్గరికి పిలిచి అంకెలు చూపించడం మొదలుపెట్టాడు. పనిచేస్తూనే కోర్సు చదివింది. పరీక్ష రాసిన రోజున కూడా మధ్యాహ్నం వచ్చి గొట్టాలు కడిగి వెళ్ళిందని మా అన్నయ్య ఇప్పటికీ వచ్చిన చుట్టాలకల్లా చెబుతాడు.

ఆ అంకెల సంగతి నాకు తెలిసింది మా మేనకోడలి పుట్టినరోజున. ఇంటినిండా పిల్లలు, ఊదాల్సిన బెలూన్లు యాభై. మా ఆయన ఒక్కొక్కటి రెండు ఊపిర్లలో ఊది పడేస్తూ, "ఇవి ఊపిరితిత్తులు కావు, కొలిమి తిత్తులు" అని గొప్పలు పోతున్నారు. వదిన ఒక స్ట్రా తెచ్చి, దాని చివర బెలూన్ మూతి దారంతో బిగించి కట్టింది.

"ఇప్పుడు ఊదు అన్నయ్యా, చూద్దాం."

ఆయన ఊదారు. బుగ్గలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది, చెవుల దగ్గర నరాలు లేచాయి. పిల్లలు పకపకా నవ్వారు.

"బుగ్గలు నొప్పెడుతున్నాయా? ఆ నొప్పి స్ట్రా వల్లా, బెలూన్ వల్లా?" అని అడిగింది వదిన.

"రెండూ కలిసి నా మీద కక్ష కట్టాయి చెల్లెమ్మా."

"అలా కాదు. మళ్ళీ ఊదు. సగం నిండాక ఊదడం ఆపు, కానీ పెదాలు వదలకు. గాలి వెనక్కి రానివ్వకు. ఆగు. ఇప్పుడు చెప్పు, బుగ్గ మీద బరువెంత?"

పెదాలు వదలకూడదు కాబట్టి ఆయన నోటితో చెప్పలేక, బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి కొంచెమేనని చూపించారు.

"అది బెలూన్ బరువు. ఊదుతున్నప్పుడు దాని మీద అదనంగా పడిందంతా స్ట్రా బరువు" అంది వదిన.

మిషన్ దగ్గర ఆమె చేసేదీ అదేనట. గాలి లోపలికి తోస్తున్నప్పుడు తెర మీద ఒక పెద్ద అంకె కనిపిస్తుంది. దాన్ని ఆమె పై అంకె అంటుంది. అందులో దారి బరువు, ఊపిరితిత్తి బరువు రెండూ కలిసి ఉంటాయి. కలిసి ఉన్నంతసేపు ఏది ఎంతో తెలియదు. అప్పుడు ఒక బటన్ నొక్కాలి. లోపలికి వెళ్ళిన గాలి క్షణంపాటు అక్కడే నిలబడుతుంది. కదలని గాలికి దారితో పనిలేదు, కాబట్టి అప్పుడు మిగిలే అంకె అచ్చంగా ఊపిరితిత్తిది. అది ఆగిన అంకె. పై అంకె పెరిగి ఆగిన అంకె మామూలుగా ఉంటే చిక్కు దారిలో ఉన్నట్టు. గొట్టం మడతపడిందో, కఫం అడ్డుపడిందో, లోపలి గాలి దారులు బిగుసుకున్నాయో చూడాలి. రెండూ పెరిగితే ఊపిరితిత్తే గట్టిపడిందని, లేదా దాన్ని బయటి నుంచి ఏదో నొక్కుతోందని అర్థం. ఆ వైద్యం వేరు, ఈ వైద్యం వేరు. పై అంకె ఒక్కటే చూసి పరిగెత్తేవాళ్ళకు ఆమె చెయ్యి పైకెత్తి ఆగమనేది అందుకే. ఇంకో విచిత్రం, ఈ గాలి ఒత్తిడిని సెంటీమీటర్ల నీళ్ళలో కొలుస్తారట. గాలిని నీళ్ళతో కొలిచే ఉద్యోగం మా వదినదని నేను కొట్లో అందరికీ చెప్పేదాన్ని.

ఆ తర్వాత వదిన ఆ లెక్క ఇంట్లో కూడా పెట్టింది. నేను రుసరుసలాడుతూ గుమ్మం ఎక్కగానే, "ఆగు మరదలా. ఇది దారి కోపమా, లోపలి కోపమా?" అనేది. ఎండ, ట్రాఫిక్కు, బస్సులో కాలు తొక్కినవాడు, ఇదంతా దారి కోపం. మంచినీళ్ళు తాగి రెండు నిమిషాలు కూర్చుంటే పోతుంది. కూర్చున్నాక కూడా మిగిలితే అది లోపలిది, దాని సంగతి మాట్లాడుకోవాలి. నిజం చెప్పొద్దూ, ఆ మాటకే నాకు ఇంకా ఒళ్ళు మండేది. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది దారి కోపమే కావడం ఇంకా మండించేది.

ఇక అసలు సంగతి. పోయిన వానాకాలం బళ్ళో ఆటల పోటీలొచ్చాయి. మా ఆయన మూడు రోజులు వానలో తడుస్తూ సున్నంతో గీతలు గీశారు. వాన చెరిపేస్తే మళ్ళీ గీశారు. దగ్గు పట్టుకుంది. డాక్టరు దగ్గరికి పదండి అంటే, పోటీలు కానీ అన్నారు. పోటీలయ్యాయి, జ్వరం వచ్చింది. జ్వరం తగ్గనీ అన్నారు. ఒకరోజు ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ మూడో గుండీ దగ్గర ఆగిపోయి మంచం మీద కూలబడ్డారు. పెదాలు నీలంగా ఉన్నాయి. వదినే ఆటో పిలిచి, ఆసుపత్రికి ఫోన్ చేసి, దారంతా ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుంది. న్యుమోనియా అన్నారు. మధ్యాహ్నానికి నోట్లో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

సొంత మనుషుల మంచం దగ్గర పనిచేయకూడదని ఆ ఆసుపత్రి నియమం. అందుకని ఆయన్ను కింది అంతస్తు ఐసీయూలో పెట్టారు, వదిన పై అంతస్తు ఐసీయూలోనే ఉండిపోయింది. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కే ముందోసారి, మధ్యాహ్నం మూడింటికి దిగాక ఒకసారి తొంగిచూసి వచ్చేది. మామూలు చుట్టాలకు పదకొండింటికి పది నిమిషాలు, అయిదింటికి పది నిమిషాలు, అదీ ఒక్కరికే. ఆ ఒక్కరూ నేనే కావాలని పట్టుబట్టాను.

మొదటి వారం ఆయన మత్తులోనే ఉన్నారు. వదిన రోజూ వచ్చి, "ఆగిన అంకె ముప్ఫై నుంచి ఇరవై ఆరుకొచ్చింది, ఇరవై రెండుకొచ్చింది" అని చెప్పేది. ఊపిరితిత్తి మెత్తబడుతోందని దాని అర్థం. ఎనిమిదో రోజున మత్తు తగ్గించారు. ఆ రోజే గొడవ మొదలైంది.

పదకొండింటికి నేను వెళ్ళి మంచం పక్కన నిలబడి మాట్లాడుతున్నాను. రెండు నిమిషాలు కాకుండానే మిషన్ గోల పెట్టింది. తెర మీద ఎర్రగా అంకె, నలభై రెండు. నర్సు పరిగెత్తుకొచ్చింది, డ్యూటీ డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు, పాపం మంచివాడే, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. నన్ను బయటికి పంపి, ఊపిరితిత్తి మళ్ళీ గట్టిపడుతోందేమోనని మత్తు పెంచాడు. అంకె దిగింది. సాయంత్రం అయిదింటికి వెళ్ళాను, మళ్ళీ అదే గోల. ఎక్స్‌రే తీశారు, కొత్తగా ఏమీ కనిపించలేదు. తొమ్మిదో రోజు రెండుసార్లు, పదో రోజు పొద్దున ఇంకోసారి. ఆ వార్డు టెక్నీషియన్ను పిలిస్తే అతను పక్క వార్డు నుంచి వచ్చేసరికి ఆయన హాయిగా పడుకుని ఉండేవారు, అంకె ఇరవై నాలుగు.

పదో రోజు పెద్ద డాక్టరు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "అమ్మా, ఈపాటికి గొట్టం తీసేద్దామనుకున్నాం. మత్తు తగ్గిస్తే ఒత్తిడి పెరుగుతోంది. ఇలాగే ఉంటే గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి గాలి పంపాలి. రేపు సాయంత్రం దాకా చూద్దాం" అన్నారు. మరి గొంతో అని అడిగాను. అది ఉన్నన్నాళ్ళూ మాట రావడం కష్టమని, ఎన్నాళ్ళో ఇప్పుడే చెప్పలేమని అన్నారు.

బయటికి వచ్చాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ గొంతు లేకుండా ఆయన్ను నేను ఊహించుకోలేను. మైదానంలో ఆయన అరుపు వినబడితేనే కొట్లో నాకు సాయంత్రం అయిందని తెలుస్తుంది. మూడింటికి వదిన మెట్లు దిగి వచ్చి, "ఇప్పుడే చూశాను, బాగున్నాడు" అంది. అంతే, అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

"ఏం బాగు? రోజూ బాగుంది బాగుంది అని నన్ను మభ్యపెడుతున్నావు. నేను వెళ్ళినప్పుడల్లా నలభై దాటుతోంది. గొంతు కోస్తామంటున్నారు. ఇంకెప్పుడు చెబుతావు నిజం?"

వదిన చెయ్యి పైకెత్తింది. నేను ఆ చేతిని కిందికి తోసేశాను. ఆమె మెట్టు మీద నా పక్కన కూర్చుంది. "నువ్వు వెళ్ళినప్పుడల్లానా?" అని అడిగింది.

"వెళ్ళినప్పుడల్లా."

"వెళ్ళి ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? మాట్లాడతాను. మాట్లాడమని నర్సమ్మే చెప్పింది, వినిపిస్తుందట."

"ఏం మాట్లాడతావు?"

ఆయనతో నేను ఏం మాట్లాడతాను? వానలో తడవద్దంటే విన్నారా అని. డాక్టరు దగ్గరికి పదమంటే కదిలారా అని. నాకేమైనా పరవాలేదు, మీ సున్నం గీతలు మాత్రం వంకర పోకూడదు అని. పదిరోజులుగా కుట్టు మిషన్ మీద కూర్చోలేదు, రెండు వందల యూనిఫారాలు అలాగే పడున్నాయి అని.

వదిన నా మొహంలోకి చూసింది. ఆమె పెదవి చివర కదిలింది. ఆ సమయంలో నవ్వినందుకు ఆమెను చంపేద్దామనిపించింది.

"లే" అంది.

తిన్నగా పెద్ద డాక్టరు గదికి తీసుకెళ్ళింది. మంచం దగ్గర తాను దేన్నీ ముట్టుకోనని, మిషన్లో దాచి ఉన్న మూడు రోజుల గీత ఒక్కసారి చూపించమని అడిగింది. మేం ముగ్గురం ఐసీయూలోకి వెళ్ళేసరికి కుర్ర డాక్టరు అక్కడే ఉన్నాడు. అతనే తెర మీద ఆ గీత తెరిచాడు. పొడుగునా నున్నటి నేలలా ఉంది. మధ్యమధ్యలో మాత్రం గుట్టలు. వదిన గుట్టల కింద టైము చదివింది. పదకొండు. అయిదు. పదకొండు. అయిదు. పదకొండు.

"విజిటింగ్ అవర్స్" అన్నాడు కుర్ర డాక్టరు నెమ్మదిగా.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆగమ్మా, మంచం దగ్గర పనిచేయకూడదన్న నియమాన్ని పది నిమిషాలు నేను చూడలేదనుకో. ఏం చేద్దామంటావు?"

పొద్దున ఇచ్చిన మత్తు దిగేదాకా గంటసేపు ఆగమంది వదిన. ఆగాం. నాలుగున్నరకు నన్ను మంచం పక్కన నిలబెట్టి, "తిట్టు" అంది.

నా జీవితంలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అడిగేసరికి నోట్లో ఒక్క తిట్టు లేదు. చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నారు. "ఏమండీ, ఎలా ఉన్నారు" అన్నాను పెళ్ళిచూపుల గొంతుతో. తెర మీద ఇరవై నాలుగు. "మీ పిల్లలు అడుగుతున్నారండీ, మాస్టారు ఎప్పుడొస్తారని" అన్నాను. ఇరవై నాలుగే. నర్సు నా వంక జాలిగా చూసింది.

వదిన తన సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "ఇది అన్నయ్య డ్రిల్లు సంచీలో ఈలతోపాటు దొరికింది, మొదటి రోజే. నీ సంగతి తెలుసు కాబట్టి ఇవ్వలేదు."

విప్పాను. మా వీధి చివరి క్లినిక్కు చీటీ. తారీఖు చూస్తే ఆయన కూలబడటానికి వారం ముందుది. ఛాతీ ఎక్స్‌రే వెంటనే తీయించుకోవాలి, ఈ మాత్రలు అయిదు రోజులు వాడాలి అని రాసి ఉంది. మాత్రలు కొనలేదు. చీటీ వెనకాల పెన్సిలుతో పరుగు పందెం వరసలు వేసుకున్నారు.

"ఏమండీ!" అన్నాను. ఆ తర్వాత ఏం అన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. అన్నదంతా రాసుకుంటే ఒక నోటు పుస్తకం పట్టేదని నర్సు తర్వాత చెప్పింది. డాక్టరు దగ్గరికి వెళ్ళి కూడా వెళ్ళలేదని నాతో అబద్ధమాడారా? మందు చీటీ మీద పరుగు పందెమా? పందెంలో ఎవరు గెలిచారు, మీరా, జ్వరమా?

ఇరవై ఎనిమిది. ముప్ఫై అయిదు. నలభై ఒకటి. మిషన్ గోల మొదలైంది.

కుర్ర డాక్టరు చెయ్యి మత్తు మందు వైపు వెళ్ళింది. "ఆగండి" అంది వదిన. ఆమె పెద్దగా అనలేదు, అయినా అతని చెయ్యి గాల్లోనే ఆగింది. హద్దు దాటితే మిషన్ ఊపిరిని సగంలోనే ఆపేస్తుంది కాబట్టి, గాలి పూర్తిగా లోపలికి వెళ్ళేలా హెచ్చరిక హద్దును కాస్త పైకి జరిపింది. మిషన్ ఒక ఊపిరి తోసింది. వదిన బటన్ నొక్కి పట్టుకుంది. మా ఆయన ఛాతీ నిండి, అలాగే నిలబడింది. నేనూ నోరు తెరిచినది తెరిచినట్టే నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ళలో నేను మాట మధ్యలో ఆగడం అదే మొదటిసారి.

తెర మీద పదిహేడు.

"ఊపిరితిత్తి బాగుంది" అంది వదిన బటన్ వదిలి. "చిక్కంతా దారిలో ఉంది." జేబులోంచి చిన్న టార్చి తీసి ఆయన పెదవి పక్కకు జరిపి వెలుగు వేసింది. "చూడండి."

అందరం వంగాం. పై పళ్ళూ కింది పళ్ళూ గొట్టాన్ని గట్టిగా కరిచి పట్టుకున్నాయి. దవడల పక్కన రెండు కండలు. నాకు నా పేరెంత తెలుసో ఆ కండలు అంత తెలుసు. పది రోజులుగా అవి పడుకునే ఉన్నాయనుకున్నాను.

పళ్ళు గొట్టాన్ని కొరక్కుండా పక్కన పెట్టే అడ్డు ముక్కను, నోటికి పుండు పడుతోందని ఏడో రోజున తీసేశారట. మర్నాడు మత్తు తగ్గించారు. నేను తిట్టడం మొదలుపెట్టేసరికి ఆయన అలవాటు కొద్దీ పళ్ళు బిగించారు. గొట్టం నొక్కుకుంది, అంకె ఎగిరింది, మిషన్ అరిచింది, నన్ను బయటికి పంపేశారు. నేను వెళ్ళిపోగానే ఆయన దవడ వదిలేశారు. కాసేపటికి మత్తు కూడా ఎక్కేది. పేరంతా మత్తు మందుకు వచ్చింది.

"అంటే ఈయనకు..." అని నేను అడగబోయి ఆగాను.

"అంతా వినిపిస్తోంది" అంది వదిన. "మూడు రోజులుగా నీ తిట్లు ఒక్కటీ వదలకుండా వింటున్నాడు. మా ముసలి సారు చెప్పినట్టు, ఇది మెలకువ." అప్పుడు చూశాను, ఆమె కళ్ళ నిండా నీళ్ళు. పదిహేడు అంకె చూసి ఏడ్చిన టెక్నీషియన్ ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

పెద్ద డాక్టరు ఆయన చెవి దగ్గర వంగి, "మాస్టారూ, వినిపిస్తుంటే పళ్ళు వదలండి" అన్నారు. వదల్లేదు. కుర్ర డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది. ఊహూఁ. వదిన నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఏమండీ, చాలు. ఇంక తిట్టను, వదిలేయండి" అన్నాను.

కండలు దిగాయి. నలభై, ముప్ఫై, ఇరవై నాలుగు. మిషన్ నోరు మూసుకుంది. నర్సు చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు, రెండూ గట్టిగానే చేస్తున్నానని మాత్రం కుర్ర డాక్టరు మొహం చూస్తే అర్థమైంది. గొంతు దగ్గర రంధ్రం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అడ్డు ముక్క మళ్ళీ పెట్టారు. మర్నాడు పొద్దున మత్తు పూర్తిగా ఆపి, మిషన్ సాయం తగ్గించి, సొంతంగా ఎంత పీలుస్తారో గంటకు పైగా చూశారు. పీల్చారు. డ్రిల్లు మాస్టారు కదా, లెక్క తప్పకుండా పీల్చారు. పదింటికి గొట్టం తీసేసి నన్ను లోపలికి పిలిచారు. కుర్ర డాక్టరు ఆ గొట్టాన్ని పారేయబోతుంటే వదిన అందుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. వరసగా పంటి గాట్లు. మూడు రోజుల నా సంసారం అంతా దాని మీద అచ్చయి ఉంది. "చూశావా నీ కుట్టు" అని నాకు చూపించి, చెత్త డబ్బాలో వేసింది.

నన్ను లోపలికి పిలిచారు. ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి, మొహాన ఆక్సిజన్ మాస్కు. నన్ను చూసి మాస్కు కొంచెం పక్కకు జరిపారు. పెదాలు కదిలాయి. మైదానమంతా వినిపించే గొంతు కాదది, కాగితం చింపుతున్నట్టు గీరుకుపోయి ఉంది. దగ్గరికి వంగితే గానీ అర్థం కాలేదు.

"అయిపోయిందా?" అన్నారు.

పద్దెనిమిదేళ్ళ అలవాటు, నా నోరు దానంతటదే తెరుచుకుంది. చీటీ, మాత్రలు, సున్నం గీతలు అన్నీ నాలుక చివరికి వచ్చాయి. మంచానికి అటువైపు నిలబడ్డ వదిన చెయ్యి పైకెత్తింది. ఈసారి ఆ చేతిని నేను తోసేయలేదు, ఆగాను. ఆగి నా లోపలికి చూసుకుంటే అక్కడ కోపం రవ్వంత కూడా లేదు. ఇన్నేళ్ళూ నేను అరిచినదంతా దారిలోదే. లోపల ఉన్నది ఈ మనిషి మీద ఇష్టం, ఈ మనిషి పోతాడేమోనన్న భయం.

"లేదండీ" అన్నాను, మాస్కు సరిగ్గా పెడుతూ. "ఇంకా చాలా ఉంది. ఇంటికొచ్చాక చెబుతాను."

ఆయన నవ్వారు. వదిన తెర వైపు చూసి ఆక్సిజన్ అంకె రాసుకుని, డ్యూటీ మధ్యలో వచ్చానంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది.